బడిపిల్లలకు ఆహార పాఠం రాసిన సైనిక వైద్యుడు
కోస్తా తీరాన్ని పీడించిన బెరిబెరితో మొదలైన మెకారిసన్ అన్వేషణ

పిఠాపురం: మర ఆడించిన తెల్లటి బియ్యం. రెండు మూడు మార్లు కడిగి పారబోసిన నీళ్లు. అన్నం ఉడికాక వార్చేసిన గంజి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో కోస్తా పట్టణాలలోను, బియ్యపు మిల్లులు వెలసిన పల్లెలలోను వంట సాగిన తీరు ఇది. అప్పట్లో ఉత్తర సర్కారులుగా పిలిచిన ఈ ప్రాంతంలో, విశాఖపట్నం మొదలు నెల్లూరు వరకు, బెరిబెరి అనే వ్యాధి తిష్ఠ వేసింది. తొలుత అరికాళ్లు తిమ్మిరెక్కేవి. క్రమేణా కాళ్లు పట్టు తప్పి నడక తడబడేది. కొందరికి ఒళ్లంతా నీరు పట్టి గుండె ఆగిపోయేది. పైకి ఆరోగ్యంగానే కనిపించే బాలింతల పాలు తాగిన పసికందులు సైతం హఠాత్తుగా ప్రాణాలు విడిచేవారు. ఆశ్చర్యమేమంటే అదే మద్రాసు రాజధానిలో, అదే వరి అన్నం తినే తమిళ జిల్లాలలో ఈ వ్యాధి అరుదు.

ఈ చిక్కుముడి విప్పేందుకు 1918లో నీలగిరి కొండలపై కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో పరిశోధన ప్రారంభమైంది. దానికి సారథి ఐర్లండుకు చెందిన సైనిక వైద్యుడు రాబర్ట్ మెకారిసన్. పదేళ్ల తర్వాత ఆయనే భారతదేశపు పాఠశాలల కోసం ఆహారంపై ఒక చిన్న పాఠ్యపుస్తకం రాశారు. ఆయన పని చేసిన ఆ గదే కాలక్రమంలో పెరిగి పెద్దదై హైదరాబాదు తార్నాకకు తరలివచ్చింది. జాతీయ పోషకాహార సంస్థగా నేడు తెలుగువారందరికీ సుపరిచితమైనది అదే. సంస్థ పేరు తెలిసినంతగా దానిని నెలకొల్పిన మనిషి పేరు ఈ ప్రాంతంలో వినిపించకపోవడం విచారకరం.

చిత్రాల్ కనుమల నుంచి...

మెకారిసన్ 1878 మార్చి 15న ఐర్లండులోని పోర్టడౌన్ పట్టణంలో జన్మించారు. బెల్‌ఫాస్టులోని క్వీన్స్ కళాశాలలో వైద్యవిద్య అభ్యసించి 1900లో ప్రథమ శ్రేణిలో పట్టా పొందారు. మరుసటి ఏడాది ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, సరిగ్గా తన ఇరవై మూడో పుట్టినరోజున భారతదేశానికి ఓడ ఎక్కారు. తొలి కొలువు వాయవ్య సరిహద్దులో, చిత్రాల్ దారులను కాపలా కాసే భారతీయ సైనికులకు వైద్యం చేయడం. ఏటా వేసవిలో ఆ దళాలను మూడు రోజుల పాటు కుదిపేసి విడిచిపోయే ఒక జ్వరం ఉండేది. అది మలేరియా కాదని, ఇసుక దోమ కాటు వల్ల సంక్రమించే వేరొక జ్వరమని ఆయన నిదానించి చెప్పారు. వయసు ముప్పై దాటకముందే వైద్యలోకంలో గుర్తింపు తెచ్చిన పని ఇది.

1904లో గిల్గిట్‌కు బదిలీ అయి అక్కడ ఏడేళ్లు ఏజెన్సీ సర్జన్‌గా ఉన్నారు. ఆ లోయలో గొంతు వాపు వ్యాధి, అంటే గాయిటర్, విపరీతం. ఒకే కాలువ నీరు తాగే ఊళ్లలో పైన ఉన్న వాటికంటే దిగువన ఉన్న వాటిలో రోగులు ఎక్కువగా ఉండటం ఆయన గమనించారు. ఊరూరా కలిసిన మురికే కారణమని అనుమానించి, ఆ నీటిలోని మడ్డిని వేరు చేసి స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వారికి తాగించారు. వారితో పాటు తానూ తాగారు. తన గొంతు వాచడం కూడా చూసుకున్నారు.

ఇంతటి సాహసం చేసినా ఆ అంచనా పూర్తిగా నిలబడలేదు. అయోడిన్ లోపమే గాయిటర్‌కు ప్రధాన కారణమని తర్వాత రూఢి అయింది. నీటి కాలుష్యం పాత్ర ఉందన్న అభిప్రాయాన్ని మెకారిసన్ మాత్రం చాలాకాలం వీడలేదు. కళ్లతో చూసి, ఒంటిపై ప్రయోగించి తెలుసుకున్న దానిని వదులుకోవడం ఎంతటి శాస్త్రవేత్తకైనా కష్టమే కాబోలు.

గిల్గిట్ కొలువు ఆయనకు మరొక దృశ్యాన్ని కూడా చూపింది. ఆ పక్కనే హుంజా అనే చిన్న కొండ రాజ్యం. అక్కడి ప్రజల దారుఢ్యం, చురుకుదనం ఆయనను అబ్బురపరిచాయి. గోధుమ, బార్లీ, మొక్కజొన్న రొట్టెలు, ఆకుకూరలు, పాలు, మజ్జిగ, వెన్న, తాజాగాను ఎండబెట్టి కూడా తినే జల్దారు పండ్లు, అరుదుగా మాంసం. ఇదే వారి తిండి. నాగరికులమని చెప్పుకునేవారిని వేధించే జీర్ణకోశ వ్యాధులు తాను అక్కడ చూడలేదని 1921లో అమెరికాలోని పిట్స్‌బర్గులో చేసిన ప్రసంగంలో ఆయన వివరించారు. తదనంతరం ఎందరో రచయితలు ఈ మాట పట్టుకొని హుంజా వాసులు నూట ఇరవై ఏళ్లు బతుకుతారంటూ కథలు అల్లారు. ఆ కథలకు ఆధారాలు లేవు. మెకారిసన్‌కు అక్కడ దక్కింది ఒక ప్రశ్న మాత్రమే. ఒకే దేశంలో ఒక ప్రాంతపు మనిషి దృఢంగా, వేరొక ప్రాంతపు మనిషి దుర్బలంగా ఎందుకుంటాడు? జవాబు పళ్లెంలో ఉందా?

ఒక్క గది ప్రయోగశాల

గిల్గిట్ విడిచాక కసౌలీలో కొంతకాలం గాయిటర్ పరిశోధన సాగింది. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధ విధుల నుంచి తిరిగి వచ్చాక కూనూరు చేరి బెరిబెరి విచారణను చేపట్టారు. అప్పటికి విటమిన్ అనే మాట పుట్టి ఆరేళ్లే. జావా ద్వీపంలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడటం, తవుడుతో అవి కోలుకోవడం గమనించి రెండు దశాబ్దాలు దాటింది. అయినా తవుడులో ఏముందో ఎవరికీ తెలియదు. చాలామంది వైద్యులు రోగమంటే ఏదో ఒక క్రిమి ఒంట్లో చేరడమేనని నమ్మే రోజులవి. ఏదో ఒకటి ఒంట్లో చేరకపోవడం వల్ల కూడా రోగం వస్తుందంటే నమ్మడం కష్టంగా ఉండేది.

కూనూరు గదిలో పావురాలకు తెల్లబియ్యం పెట్టి చూశారు. కోతులకు విటమిన్లు నశించేలా ఆవిరి పీడనంలో ఉడికించిన బియ్యం పెట్టి చూశారు. కోతులలో నరాల కంటే ముందుగా పేగులు దెబ్బతినడం మెకారిసన్ దృష్టికి వచ్చింది. అజీర్తి, విరేచనాలు, రక్త విరేచనాలు. లోపభూయిష్ఠమైన తిండి ఒక్క బెరిబెరితో ఆగదని, శరీరంలోని ప్రతి అవయవాన్నీ లోలోపల గుల్ల చేస్తుందని ఆయన తేల్చారు. 1921లో వెలువడిన ఆయన గ్రంథం లోప వ్యాధుల అధ్యయనానికి పునాదులలో ఒకటిగా నిలిచింది.

తెలుగు తీరపు చిక్కుముడి కూడా క్రమంగా విడింది. నోరిస్ అనే సహచరునితో కలిసి బియ్యానికీ బెరిబెరికీ గల సంబంధంపై మెకారిసన్ 1924లో ఒక విస్తృత నివేదిక ప్రచురించారు. తమిళ జిల్లాలలో వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి ఆ మీదట దంచేవారు. అవే ఉప్పుడు బియ్యం. ఉడికేటప్పుడు పై పొరలో ఉండే పోషకం గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మర ఎంత తెల్లగా ఆడినా కొంత మిగులుతుంది. సర్కారు జిల్లాలలో ఉప్పుడు బియ్యం రుచించేది కాదు. పచ్చి వడ్లనే దంచుకునేవారు. రోకటి దంపుడు ఉన్నన్నాళ్లు ముప్పు లేదు. దంపుడులో తవుడు పొర పూర్తిగా పోదు గనుక గింజకు రక్ష ఉండేది. మర వచ్చి గింజను ముత్యంలా తెల్లగా చేసింది. ఆ పొర, మొలక భాగం పశువుల కుడితిలోకి వెళ్లాయి. మిగిలిన కాస్తా కడిగిన నీళ్లతో, వార్చిన గంజితో పోయింది. ఇంటి గేదెకు దక్కినది ఇల్లాలికి దక్కలేదన్నమాట. 1926లో జావాలోనే మరో ఇద్దరు శాస్త్రజ్ఞులు తవుడు నుంచి ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా వేరు చేశారు. నేడు దానిని బి1 విటమిన్, థయామిన్ అంటున్నాం.

ఇంతటి పనికి ప్రభుత్వం ఇచ్చిన బహుమానం విచిత్రమైనది. ఖర్చు తగ్గింపు కోసం లార్డ్ ఇంచ్‌కేప్ అధ్యక్షతన వేసిన సంఘం సిఫార్సుల ఫలితంగా 1923లో కూనూరు విచారణ మూతపడింది. ప్రజలకు తిండి ఎందుకు ఒంటబట్టడం లేదో కనుగొనే పనిని అనవసర వ్యయంగా లెక్క వేశారు. రెండేళ్ల తర్వాత, 1925లో, లోప వ్యాధుల విచారణ పేరుతో అది తిరిగి తెరచుకుంది. 1928లో పోషకాహార పరిశోధన ప్రయోగశాలలుగా రూపుదిద్దుకోగా, మెకారిసన్ తొలి సంచాలకులయ్యారు.

ఎలుకలు చెప్పిన సాక్ష్యం

ఆయనకు విశేష ఖ్యాతి తెచ్చిన ప్రయోగం ఇక్కడే జరిగింది. దేశంలోని ఏడు వర్గాల ఆహారాన్ని ఎంచుకున్నారు. సిక్కు, పఠాన్, మరాఠా, గూర్ఖా, కన్నడ, బెంగాలీ, మద్రాసీ. ఒకే వయసు, ఒకే బరువు గల ఎలుకలను జట్లుగా విడదీసి ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క ప్రాంతపు వంట పెట్టారు. గడువు ముగిసేసరికి సిక్కు భోజనం తిన్న ఎలుక సగటున 235 గ్రాములు తూగింది. మద్రాసీ భోజనం తిన్నది 155 గ్రాములు. మిగిలినవి ఈ రెంటి నడుమ వరుసగా దిగుతూ వచ్చాయి. కడిగిన తెల్లబియ్యం, పప్పు, కూర, నూనె, కాఫీ, కాస్త మజ్జిగ. మద్రాసీ పళ్లెంలో ఉన్నవి దాదాపు ఇవే. సిక్కు పళ్లెంలో పొట్టుతో సహా విసిరిన గోధుమపిండి రొట్టెలు, పాలు, వెన్న, పప్పులు, కాయగూరలు, పండ్లు.

మద్రాసీ అంటే నాటి లెక్కలో తెలుగువాడు కూడా. ఈ వరుసను చూపి కొన్ని జాతులు పుట్టుకతోనే వీరులని, కొన్ని బలహీనులని వాదించడానికి అలవాటు పడిన తెల్లదొరలకు అది అనుకూలంగా తోచి ఉండవచ్చు. ప్రయోగం చెప్పినది మాత్రం దానికి పూర్తిగా విరుద్ధం. ఎలుకలన్నీ ఒకే జాతివి. మారినది పళ్లెం. బలహీనత రక్తంలో లేదు, వంటింట్లో ఉంది. అయితే ఒక ప్రాంతమంతటికీ ఒకే భోజనం అంటగట్టడంలో ఉన్న లోపాన్నీ విస్మరించరాదు. జొన్నలు, రాగులు, సజ్జలు తినే మెట్ట ప్రాంతపు రైతు కూడా అదే రాజధానిలో ఉన్నాడు. ఆయన పళ్లెం ఆ వరుసలో ఎక్కడా లేదు.

ప్రయోగశాలలో పెంపకానికి ఉంచిన వెయ్యికి పైబడిన ఎలుకలకు గోధుమ రొట్టెలు, వెన్న, మొలకెత్తిన శనగలు, పచ్చి క్యారెట్, క్యాబేజీ, పాలు, వారానికోసారి ఎముకతో కూడిన కొద్దిపాటి మాంసం పెట్టేవారు. శుభ్రమైన గూళ్లు, ఎండ, గాలి ఉండేవి. రెండేళ్ల మూడు నెలల కాలంలో వాటిలో రోగమన్నది కనిపించలేదని, ప్రమాదాలు తప్ప సహజ మరణాలు లేవని మెకారిసన్ నమోదు చేశారు. ఎలుకకు అంతకాలమంటే మనిషి ఆయువులో యాభై ఏళ్లతో సమానమని ఆయన లెక్క. మరొక జట్టుకు ఇంగ్లండులోని పేదలు తినే తిండి పెట్టారు. తెల్ల రొట్టె, మార్జరిన్, చక్కెర ఎక్కువైన టీ, ఉడికించిన కూరలు, డబ్బా మాంసం, చవక జామ్. ఆ ఎలుకలు ఎదగలేదు. పైగా పెంచేవారిని కరిచాయి. అరవయ్యో రోజు నాటికి తమలో బలహీనమైన వాటిని చంపి తినసాగాయి. తన దేశపు తిండిని కూడా ఆయన అదే తక్కెడలో తూచారన్నది గమనార్హం.

ప్రయోగశాల నుంచి పాఠశాలకు

శాస్త్ర పత్రికలలో రాసుకుంటే తెలిసేది శాస్త్రజ్ఞులకే. 1928లో మెకారిసన్ ‘ఫుడ్’ అనే చిన్న పుస్తకం రాయగా మాక్మిలన్ సంస్థ ప్రచురించింది. అది ఎవరి కోసమో అట్ట మీదే రాసి ఉంది. భారతదేశంలోని పాఠశాలలు, కళాశాలలు, సంక్షేమ కేంద్రాలు, బాయ్ స్కౌట్, గర్ల్ గైడ్ సంస్థల వంటి వాటి ఉపయోగార్థం రాసిన వాచకమది. ప్రభుత్వ కొలువులోని ఒక లెఫ్టినెంట్ కర్నల్, అంతర్జాతీయ ఖ్యాతి గల పరిశోధకుడు, బడిపిల్లల కోసం కూర్చొని వాచకం రాయడం ఆ రోజుల్లో అరుదు.

అప్పటికి బడులలో ఆరోగ్య పాఠమంటే పళ్లు తోముకోవడం, గోళ్లు కత్తిరించుకోవడం, నీళ్లు కాచుకోవడం. తిండి గురించి చెప్పవలసిన పని ఉందని ఎవరికీ తోచలేదు. తినడం ఎవరికి తెలియదు గనుక? మెకారిసన్ అక్కడే పట్టుకున్నారు. కడుపు నిండటం వేరు, ఒంటికి కావలసినది అందటం వేరన్న సంగతి పిల్లవాడికి అక్షరాలతో పాటే తెలియాలని ఆయన తలచారు. మాంసకృత్తులు, కొవ్వులు, పిండిపదార్థాలు, ఖనిజ లవణాలు, విటమిన్లు ఒంట్లో ఏమేమి పనులు చేస్తాయో, ఈ దేశంలో దొరికే ధాన్యాలలో, పప్పులలో, ఆకులలో, పాలలో ఏవి ఎందులో ఉన్నాయో, దేనికి దేనిని జోడించి తింటే లోటు తీరుతుందో సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పడమే పుస్తకం లక్ష్యం. ఖరీదైన మందుల ప్రసక్తి లేదు. పాలు, ఆకుకూరలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యం అన్నవే ఆయన జీవితాంతం పట్టిన పాట.

పుస్తకానికి పరిమితులు లేకపోలేదు. అది ఇంగ్లీషులో వెలువడింది. అక్షరాస్యులే కొద్దిమంది అయిన కాలంలో ఇంగ్లీషు పుస్తకం చేరేది పట్టణపు ఉన్నత పాఠశాల వరకే. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. పాడి లేని కూలివాని బిడ్డను రోజూ పాలు తాగమని ఉపాధ్యాయుడు ఏ ముఖంతో చెప్పగలడు? పండ్ల చెట్టున్న దొడ్డి ఎందరికుంది? దంపుడు బియ్యం తినమని చెప్పవచ్చు. పొద్దస్తమానం పొలంలో నాట్లు వేసి వచ్చిన తల్లికి రోకలి చేతికిచ్చి మర మానేయమనడం న్యాయమా? మర స్త్రీల భుజాల నొప్పిని తగ్గించిందన్నది కూడా నిజమే. పేదరికాన్ని పాఠంతో తొలగించలేమన్న సంగతి మెకారిసన్ ఎరుగనిది కాదు. దేశ ప్రజల శక్తిని హరిస్తున్న కారణాలలో పోషకాహార లోపం అగ్రస్థానంలో ఉందని, వ్యవసాయ విధానమే అందుకు తగినట్లు మారాలని రాయల్ వ్యవసాయ కమిషన్‌కు ఆయన విన్నవించారు. ఆ కమిషన్ 1928లో నివేదిక ఇచ్చింది. కమిషన్లు ఇచ్చే నివేదికలకు పట్టే గతి ఈ దేశంలో కొత్తది కాదు.

పంట పండే నేలకూ తినే గింజ బలానికీ సంబంధం ఉందని కూడా ఆయన నమ్మారు. కోయంబత్తూరులోని ప్రభుత్వ వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త బి.విశ్వనాథ్‌తో కలిసి పశువుల ఎరువు వేసిన చిరుధాన్యాన్ని, రసాయనిక ఎరువు వేసిన దానిని పోల్చారు. పశువుల ఎరువుతో పండిన గింజలో పోషక విలువ మెరుగ్గా ఉందని తేల్చారు. ఈ ఫలితాన్ని తర్వాతి శాస్త్రజ్ఞులందరూ అంగీకరించలేదు. సేంద్రియ సేద్యం వారికి మాత్రం ఆయన నేటికీ ఆరాధ్యుడే.

ఆ పుస్తకం చేరవలసిన ఒక చోటికి మాత్రం చేరింది. ఆహార ప్రయోగాలంటే మిక్కిలి మక్కువ గల గాంధీజీ మెకారిసన్ రచనలను శ్రద్ధగా చదివి, తన పత్రికలలో ప్రస్తావించారు. పాల విషయంలో ఇద్దరికీ పడలేదు. పాలు మానివేయాలన్నది గాంధీజీ పట్టుదల, పాలు లేనిదే శాకాహారికి గడవదన్నది మెకారిసన్ మాట. 1934లో గాంధీజీ స్థాపించిన అఖిల భారత గ్రామీణ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం, తిరగలి పిండి, గానుగ నూనె, బెల్లం కోసం ఊరూరా ప్రచారం చేపట్టింది. తిరగలి, రోకలి పాతకాలపు చాదస్తాలు కావని చెప్పడానికి కూనూరు ప్రయోగాలు ఊతమిచ్చాయి.

భీమవరానికి చేరిన తీగ

కూనూరు కథలో తెలుగువారికి ఆసక్తి కలిగించే మరొక ముడి ఉంది. గర్భిణులలో కనిపించే ఒక రకం తీవ్ర రక్తహీనతపై పరిశోధించేందుకు లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చారు. కూనూరులోనూ పని చేశారు. ఈస్టు సారం పెట్టగానే ఆ రక్తహీనత తగ్గడం ఆమె కనుగొన్నారు. ఈస్టులోని ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. దానిని 1940 దశకంలో కృత్రిమంగా తయారు చేసిన అమెరికాలోని లెడర్లీ పరిశోధక బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నేడు ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలో గర్భిణులకు, ఉన్నత పాఠశాలల్లో కిశోర బాలికలకు ఇస్తున్న ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలో సగం కథ ఇది.

మెకారిసన్‌కు 1933లో సర్ బిరుదు లభించింది. 1935లో మేజర్ జనరల్ హోదాలో పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డులో స్థిరపడ్డారు. మరుసటి ఏడాది లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌లో చేసిన మూడు ఉపన్యాసాలలో కూనూరు ఎలుకల సాక్ష్యాన్ని తన దేశ ప్రజల ముందుంచారు. 1939లో చెషైర్ ప్రాంత వైద్యులు ప్రజల అనారోగ్యానికి నాసిరకం తిండే మూలమని ప్రకటించిన సభలో ఆల్బర్ట్ హోవార్డ్‌తో పాటు వేదికపై నిలిచారు. 1945 నుంచి పదేళ్లు ఆక్స్‌ఫర్డులో వైద్యుల ఉన్నత శిక్షణకు సంచాలకులుగా వ్యవహరించారు. 75వ పుట్టినరోజు సందర్భంగా, 1953లో, మిత్రులు ఆయన పరిశోధన పత్రాలన్నింటినీ ఒక సంపుటంగా తెచ్చారు.

పాఠం అక్కడితో ఆగితే పుస్తకానికే పరిమితమయ్యేది. కూనూరులో ఆయన తర్వాత సంచాలకులైన డబ్ల్యూ.ఆర్.ఏక్రాయిడ్ మరో అడుగు ముందుకు వేశారు. బడిపిల్లలకు రోజూ వెన్న తీసిన పాలు ఇచ్చి చూడగా, ఇవ్వని వారికంటే వారి ఎత్తు, బరువు మెరుగ్గా పెరిగాయి. పేద పిల్లవాడికి పాల గురించి చెప్పడం కంటే పాలు పోయడం మేలని తేల్చిన ప్రయోగమది. భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను 1937లో తొలిసారి వెలువరించినది కూడా ఏక్రాయిడ్ కాలంలోనే. తోటకూరలో ఇనుము ఎంత, రాగులలో కాల్షియం ఎంత, మునగాకులో ఏమున్నది అని గృహవిజ్ఞాన విద్యార్థినులు పరీక్షలలో రాసే అంకెలకు మాతృక ఆ చిన్న పుస్తకమే. అది విస్తరించి 1971లో గోపాలన్ బృందం చేతిలో, 2017లో సరికొత్త విశ్లేషణలతో హైదరాబాదు నుంచి వెలువడింది.

బడిలో పాఠమూ పళ్లెమూ ఒక్కచోట చేరడానికి మాత్రం చాలాకాలం పట్టింది. సుప్రీంకోర్టు 2001 నవంబరు ఉత్తర్వుల మీదట 2003 జనవరిలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం ప్రారంభమైంది. గుడ్డు, ఆకుకూర పప్పు, చిక్కీ ఒక్కొక్కటిగా ఆ పళ్లెంలో చేరాయి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పథకానికి గోదావరి లంకల్లో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. ఆ పళ్లెంలోనూ ప్రధానమైనది తెల్లటి అన్నమే.

కూనూరు ప్రయోగశాలలు 1958లో కొండ దిగి హైదరాబాదు చేరాయి. స్వర్ణోత్సవ సంవత్సరమైన 1969లో వాటికి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు వినడానికి మెకారిసన్ లేరు. తాను ఒక్క గదిలో మొదలుపెట్టిన పని బెరిబెరి పీడిత తెలుగు నేలకే తరలివెళ్లిన రెండేళ్లకు, 1960 మే 18న, ఎనభై రెండో ఏట ఆయన ఆక్స్‌ఫర్డులో కన్నుమూశారు. 1906లో పెళ్లాడిన భార్య హెలెన్ స్టెల్లా ఆయన కొలువులన్నింటా వెంట ఉన్నారు. వారికి సంతానం లేదు.